మందు మోసే కొమ్మలు

మా అమ్మ లెక్కలో నూరనిది మందే కాదు. శొంఠి అయినా, కరక్కాయ అయినా, డాక్టరు రాసిచ్చిన బిళ్ళ అయినా ఆవిడకు ఒకటే. కల్వంలో వేయాలి, నలగ్గొట్టాలి, తేనో తమలపాకు రసమో పోసి మెత్తగా నూరాలి, వేలితో తీసి నాలుక మీద రాయాలి. "బిళ్ళను బిళ్ళగా మింగితే పొట్టలో రాయిలాగా కూచుంటది. అనుపానం లేకుండా మందెట్టా పనిచేసిద్దే?" అనేది. అనుపానమంటే మందును ఒంట్లోకి తీసుకుపోయే తోడు. దగ్గుకు ఒక తోడు, అజీర్తికి ఇంకొక తోడు. ఈ జతలన్నీ ఆవిడకు నోటికి వచ్చు. మాచర్లలో మా వీధి వీధంతా పసిపిల్లలకు కడుపునొప్పి వస్తే ముందు మా గడపే తొక్కేవాళ్ళు. అందువల్ల ఆవిడకు కాస్త గర్వం కూడా ఉండేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఆవిడకు దొరికిన రోగి కూడా అట్లాంటివాడే. మా నాయన నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీ. సమ్మెట ఎత్తి వేస్తే రాయి చెప్పిన చోట పగిలేది గానీ, ఆ మనిషి చిటికెన వేలి గోరంత బిళ్ళను మింగలేకపోయేవాడు. నాలుక మీద పెట్టి నీళ్ళు పోసుకుంటే నీళ్ళు లోపలికి, బిళ్ళ బయటికి. చిన్నప్పటి నుంచీ అంతేనట. కాబట్టి మా ఇంట్లో కల్వానికి ఖాళీ ఉండేది కాదు. క్వారీ దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చి ఆయనకు ఉబ్బసం పట్టుకుంది. రొమ్ములో పిల్లికూతలు. ఊపిరి తీస్తే ఒక కూత, వదిలితే ఇంకొకటి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకు దిండు ఆనించుకుని, కూర్చునే నిద్రపోయేవాడు. ఆ చప్పుడు వినీ వినీ మాకు గడియారం చప్పుడులాగా అలవాటైపోయింది.

ఇవి ఎనభైల చివరి మాటలు. నేనప్పుడు మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మను. అక్క గుంటూరు పక్కన విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేసేది. మా ఇళ్ళల్లో ఆడపిల్ల పదో తరగతి దాటడమే గొప్ప. అలాంటిది పరిశోధన అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. "ఇంతకీ మీ అక్క దేని మీద చదువుతుందమ్మా?" అని అడిగితే నేను నిజమే చెప్పేదాన్ని. తుమ్మ జిగురు మీద. అడిగినవాళ్ళు నా మొహం కేసి చూసి, ఎగతాళి చేస్తున్నానేమో అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మేకలు కాసేవాళ్ళు తుమ్మచెట్ల మొదళ్ళ నుంచి గిల్లుకొచ్చే జిగురు కోసం గవర్నమెంటు ఒక మనిషికి నెలనెలా జీతమిచ్చి చదివిస్తుందంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

నేను కూడా మొదట్లో నవ్విన దాన్నే. ఒక సంక్రాంతి పోయిన తర్వాత అనుకుంటాను, అక్క సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు నాయన అడిగాడు. "ఆ జిగుర్లో అంత ఏముందే?" అని. అక్క లేచి క్వారీ నుంచి వచ్చిన సుద్దరాయి ముక్క ఒకటి తీసుకుని, మా ముందరింట్లో నల్లటి నాపబండ మీద గీయడం మొదలుపెట్టింది. మా ఇల్లంతా నాపరాళ్ళే కాబట్టి ఎక్కడ కూర్చుంటే అక్కడే పలక.

"ఇదుగో నాయనా, ఈ చుక్కలు చక్కెర అణువులనుకో. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వరసగా నిలబడితే గొలుసు. ఆ గొలుసుకు పక్కన ఇంకో గొలుసు మొలిచింది. దానికి ఇంకొకటి. జిగురంటే ఇదే. ఒట్టి కొమ్మలు."

"అయితే?"

"మందు ఒంటరిగా నెత్తుట్లో పడితే ఊరంతా తిరిగిద్ది. కావాల్సిన చోటికి పోయేది కాస్త. మిగతాదంతా పోకూడని చోటికి పోయి గొడవ చేసిద్ది. పైగా గబగబా పడి గబగబా అయిపోద్ది. అదే మందును ఈ కొమ్మలకు తగిలించామనుకో, కొమ్మ దాన్ని పట్టుకుని ఉంటది. కాస్త కాస్తగా వదిలిద్ది."

నాయన గోడకు ఆనుకుని, పిల్లికూతల మధ్యనే ఆ బొమ్మను చూశాడు. "మరి కొమ్మలు ఎక్కువుంటే ఎక్కువ మోసిద్దా?" అన్నాడు.

అక్క మొహం వెలిగిపోయింది. నేను క్లాసులో పిల్లలు మంచి ప్రశ్న అడిగితే సంతోషిస్తాను గానీ అంత సంతోషం నాకెప్పుడూ రాలేదు. విశ్వవిద్యాలయం లైబ్రరీకి ఆలస్యంగా వచ్చే విదేశీ పత్రికల్లో తను చదివిన సంగతి చెప్పింది. చెట్టు ఇచ్చిన జిగురుతో సరిపెట్టుకోకుండా, మనిషే కూర్చుని కొమ్మ కొమ్మా అతికించి చెట్టు ఆకారంలో అణువులు తయారు చేస్తున్నారట. ఒక కొమ్మ చివర రెండు కొమ్మలు, ఆ రెంటి చివరా మళ్ళీ రెండేసి. అట్లా పెరిగి పెరిగి గుండ్రటి పొదలా తయారవుతుందట. లోపలి సందుల్లో మందును దాచవచ్చునట. మాట్లాడుతూనే గీస్తోంది. బండ సగం నిండిపోయింది. అమ్మ వచ్చి "అయ్యో, ఇప్పుడే తుడిచానే!" అని గుడ్డ తీసుకుంది గానీ, బొమ్మ చూసి ఆ పూటకు తుడవలేదు.

మా అక్కలో నాకు నచ్చేది అదే. తనకు తెలిసిన విషయాన్ని ఎదుటి మనిషికి చెప్పేటప్పుడు కిందికి దిగివచ్చి చెబుతున్నట్టు ఉండదు. పక్కన కూర్చుని ఇద్దరం కలిసి చూస్తున్నట్టు ఉంటుంది. నాకు ఆ ఓపిక లేదు. నేను రెండోసారి చెప్పాల్సి వస్తే గొంతు పెంచే రకం.

ఆ ఏడు ఎండాకాలం ముందే ముదిరింది. రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటారు గానీ మా మాచర్ల కూడా తక్కువేం తినలేదు. నాయనకు ఆయాసం ఎక్కువైంది. క్వారీకి పోవడం మానేశాడు. అమ్మ ఆయన్ను బస్సులో నరసరావుపేట తీసుకెళ్ళి ఒక డాక్టరుకు చూపించింది. ఆయన గొట్టం మాత్రలు రాసిచ్చాడు. సగం తెలుపు, సగం గులాబీ రంగు. లోపల ఆవాలంత గుండ్రటి గింజలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటే మందు పూటంతా కొంచెం కొంచెంగా దిగుతుందని చెప్పాడట. కొత్త రకం, మంచి మందు అని కూడా అన్నాడట. దాన్ని నూరకూడదని ఆయన చెప్పలేదు. నూరే మనుషులు ఉంటారని ఆయనకు తోచి ఉండదు.

అమ్మ గొట్టాన్ని రెండుగా ఊడదీసేది. పై డొల్లను ప్లాస్టిక్కు అని పెంటలో పారేసేది. లోపలి గింజల్ని కల్వంలో పోసి, అవి అటూ ఇటూ దొర్లుతుంటే పొత్రంతో అదిమి పట్టి, తేనె వేసి గంధంలా నూరేది. అందులో ఒక్క గింజ కూడా గింజగా మిగిలేది కాదు. అంత శ్రద్ధగా మొగుడికి మందు నూరి పెట్టే ఇల్లాలు మా వీధిలో ఇంకొకరు లేరు.

మందు నాకించిన కాసేపటికే నాయన చేతులు వణికేవి. టీ గ్లాసు పట్టుకుంటే టీ చొక్కా మీద పడేది. గుండె దడదడలాడుతోందని రొమ్ము మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. వాంతి అయ్యేది. మధ్యాహ్నం దాటేసరికి దడ తగ్గి మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యేవి. "మందు చానా గట్టిది. వేడి చేసింది" అని అమ్మ మజ్జిగలో సబ్జా గింజలు వేసి ఇచ్చేది. ఆ మాట నాకూ నిజమే అనిపించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వీధిలో వాళ్ళంతా ఆ డాక్టర్ని తిట్టారు.

అక్క సెలవులకు పాసింజరు బండిలో దిగింది. గుమ్మంలోకి రాగానే ముందు నాయన్ను చూసింది. తర్వాత అమ్మను. అమ్మ వంటింటి ముందు కూర్చుని పొద్దుటి మందు నూరుతోంది. అక్క సంచి కింద పెట్టకుండానే వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగు."

కల్వంలోకి వంగి చూసింది. నలగని గింజ ఒకటి అంచున ఉంటే గోటితో తీసి వెలుగుకు పెట్టింది. ఇంటిలో ఏదో జరగరానిది జరిగిందని నాకు అక్క మొహం చూశాకే తెలిసింది. కానీ తను అరవలేదు. నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. "ఈ పూటకు నాయనకి మందు వద్దులే. చెల్లీ నేనూ నాయన్ని నరసరావుపేట తీసుకుపోయొస్తాం" అని మాత్రమే అంది.

డాక్టరు నాయన రొమ్ము మీద చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. నాయన్ను బల్ల మీద కూర్చోబెట్టి మా ఇద్దర్నీ బయటికి పిలిచాడు. అక్క జరిగింది చెబితే ఆయన తల పట్టుకున్నాడు. గింజ మీది పూతే ఆ మందుకు ప్రాణమట. అది నలిగితే పూటంతా దిగాల్సిన మందు ఒక్కసారిగా దిగిపోతుందట. "ఇంకొన్నాళ్ళు ఇట్లాగే నూరి పోసి ఉంటే గుండె తట్టుకునేది కాదమ్మా. ఫిట్స్ వచ్చి పోయేవాడు" అన్నాడు. అయితే మందు మానేస్తామని నేనన్నాను. "మానేస్తే నా దగ్గర ఇంతకంటే మంచిది లేదు. ఈ ఆయాసం ఇట్లాగే పెరిగితే వచ్చే ఎండాకాలం చూస్తాడని నేను చెప్పలేను. గొట్టాన్ని గొట్టంగా మింగించండి. అదొక్కటే దారి."

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కునుకు తీస్తుంటే నేను వెనకసీట్లో అక్కతో అన్నాను, అమ్మకు ఈ సంగతి చెప్పొద్దని. మొగుణ్ణి తన చేతులతో తనే చంపుకోబోయిందని తెలిస్తే ఆ మనిషి బతకదు. అక్క ఒప్పుకోలేదు. "చెప్పకపోతే మళ్ళీ నూరిద్ది. చెప్పాలి. ఎట్టా చెప్పాలో చూద్దాం" అంది.

ఆ సాయంత్రం అక్క కల్వం ముందు అమ్మ పక్కన కూర్చుని ఒక గొట్టం విప్పింది. ఒక గింజను బ్లేడుతో రెండుగా కోసి అమ్మ అరచేతిలో పెట్టింది. లోపల తెల్లగా మందు, చుట్టూ సన్నటి మెరుపు పొర.

"ఈ పొర చూడమ్మా. కంపెనీవాళ్ళు మందులోనే అనుపానం కలిపి పంపారు. నువ్వు తేనె కలుపుతావే, ఆ పని ఈ పొర చేసిద్ది. మందును పట్టుకుని లోపలికి తీసుకుపోయి, ఎప్పుడెంత వదలాలో అంత వదిలిద్ది. మనం నూరినప్పుడు పొర నలిగిపోతుంది. మందు మిగులుతుంది గానీ దాన్ని మోసే తోడు పోతుంది. అందుకే నాయనకి ఆ దడ. ఇట్టాగే ఇంకొన్నాళ్ళు నూరితే గుండె ఆగిపోయేదని డాక్టరు అన్నాడు."

అమ్మ ఆ సగం గింజను గోటితో గీకి చూసింది. "అంటే నేను నూరిందే ఆయన్ని..." అని ఆగిపోయింది.

"నువ్వు నూరకపోతే ఆయన మింగలేడుగా. మందు ఒంట్లోకి పోవాలనే కదా నూరావు" అంది అక్క.

అమ్మ లేచి కల్వం కడిగింది. కడిగిందే మళ్ళీ కడిగింది. పొత్రం లోపల పెట్టి గూట్లోకి తోసేసి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ రోజు మా అక్క మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. నిజం చెప్పింది, ఒక్క అక్షరం కూడా దాచలేదు. అయినా అమ్మను దోషిని చెయ్యలేదు.

సరే, నూరడం ఆగింది. మింగడం ఎట్లా? అరటిపండులో పెట్టాం. నాయన పండు నమిలి, గొట్టాన్ని కొరికి, చేదుకు మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. పెరుగన్నంలో పెట్టాం. పళ్ళ కింద పడి టప్పున పగిలింది. బెల్లప్పాకంలో ముంచాం. బెల్లం మింగి గొట్టాన్ని బుగ్గన పెట్టుకున్నాడు. పాపం, కావాలని కాదు. నోట్లో పడ్డదాన్ని ఆయన పళ్ళు ఊరికే వదిలేవి కావు. పళ్ళు వదిలినా గొంతు వదిలేది కాదు. మింగలేక కక్కలేక కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు. ఆ పెనుగులాటలో ఆయాసం ఇంకాస్త రేగేది.

"వదిలెయ్యండే. ఇన్నాళ్ళు బతికా, చాలు" అన్నాడొకసారి.

నాకు ఒళ్ళు మండింది. "చాలో చాలదో నువ్వొక్కడివే చెబితే సరిపోద్దా?" అని అరిచి, ఏడుపు వచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్క మాత్రం ఆయన ముందు నుంచి కదల్లేదు. విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

తమ్ముడికి బాగాలేదని తెలిసి మా మేనత్త బొల్లాపల్లి నుంచి వచ్చింది. వాళ్ళది మెట్ట ఊరు. కాలవ నీళ్ళు ఎరగరు. చంకలో ఒక మూట. వచ్చీ రావడంతోనే మూట దించి అమ్మ మీద పడింది.

"ఏమే, నా తమ్ముడు ఒట్టి ఎముకలైపోయాడు. ఏం పెడుతున్నావే?"

"అన్నమే వదినా. మంచి సన్నబియ్యం" అంది అమ్మ, మూతి ముడుచుకుని.

సన్నబియ్యం అన్న మాటలో మా అమ్మ జీవితమంతా ఉంది. చిన్నప్పుడు జొన్నలు తప్ప ఎరగని ఇల్లు. సాగరు కాలవ వచ్చి వరన్నం తినడం మొదలుపెట్టాక సంకటి గిన్నె అటకెక్కింది. మళ్ళీ దాన్ని దించడమంటే ఆవిడకు వెనక్కి నడిచినట్టే. అత్త అవేం పట్టించుకోలేదు. మూటలో జొన్నపిండి తీసి, ఎసరు పెట్టి, పిండి పోసి, తెడ్డుతో కలియబెట్టి సంకటి చేసింది. గోంగూర పులుసు తనే కాచింది. నాయన ముందు కంచంలో ముద్ద పెట్టి మధ్యలో గుంట చేసి పులుసు పోసింది.

నాయన తినడం మొదలుపెట్టాడు. వేళ్ళతో కొంచెం తుంచి, అరచేతిలో ఒక్క చుట్టు చుట్టి, పులుసులో ముంచి, నోట్లో వేసుకున్నాడు. పళ్ళు కదల్లేదు. గొంతు ఒక్కసారి కదిలింది. ముద్ద దిగిపోయింది. మళ్ళీ ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. సంకటిని నమలరు. మా వైపు అదొక పద్ధతి. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, రుచీ తెలియదు. చిన్నప్పుడు సంకటి నమిలితే వాళ్ళ నాయన "గొడ్డులాగా నెమరేస్తావేందిరా" అని నెత్తిన మొట్టేవాడని అత్త నవ్వుతూ చెప్పింది.

అక్క తన కంచంలో చెయ్యి అట్లాగే పెట్టి నాయన గొంతు కేసి చూస్తోంది. ఆకలిగా తింటున్నాడని మురిసిపోతోందనుకున్నాను. కాసేపటికి ఎడమ చేత్తో నన్ను గిల్లింది.

"చూశావా? బిళ్ళకంటే పది రెట్లున్న ముద్దలు మింగుతున్నాడే!"

అప్పటికప్పుడు ఒక ముద్దలో పెట్టి ఇచ్చేద్దామని నేను. తను ఒప్పుకోలేదు. ముందు పరీక్ష చెయ్యాలంది. వేడి సంకటిలో ఒక గొట్టం పెట్టి కాసేపాగి విప్పి చూస్తే డొల్ల కరిగి గింజలు సంకటికి అంటుకుపోయాయి. చల్లారిన ముద్దలో ఇంకొకటి పెట్టి, మనిషి తినేంత సేపూ ఆగి విప్పింది. డొల్ల మెత్తబడింది గానీ చెక్కుచెదరలేదు. అయినా ముద్ద ఇంకాస్త గట్టిగా ఉండాలని అత్త చేత మళ్ళీ చేయించింది. "మందులు కొనేది సంకటికి పెట్టడానికా?" అని అమ్మ గొణిగింది. మర్నాడు అక్క ఒక్కతే బస్సెక్కి పేట వెళ్ళి డాక్టర్ని అడిగి వచ్చింది. ఆయన నవ్వి, సంకటిలో పెడితేనేం, నలక్కుండా కడుపులోకి పోతే చాలన్నాడట.

ఆ సాయంత్రం అక్క చల్లారిన సంకటిని వేళ్ళతో నలుపుతూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఏమిటంటే, జొన్నపిండిలోని గంజి కూడా కొమ్మల గొలుసేనట. చక్కెర అణువులు చేతులు పట్టుకుని కొమ్మలుగా చీలినదే. తుమ్మ జిగురులో తను వెతుకుతున్నదీ, ఇక్కడ నాయన కోసం పిసుకుతున్నదీ ఒకే తీరు వస్తువులట. అణువులకు మందు తగిలించడం వేరు, ముద్దలో గొట్టం దాచడం వేరు, అది తనకూ తెలుసు. అయినా ఆ పోలికకు చిన్నపిల్లలా మురిసిపోయింది. "అత్తా, నీ సంకటి కూడా కొమ్మల చెట్టేనే" అంది.

"చెట్టో పుట్టో, ముందు వాడి చేత తినిపియ్యి" అంది అత్త. "చెప్పమాక. చెబితే గొంతు బిగుసుకుంటది. కలిపి పెట్టెయ్యి, వాడికేం తెలుసు?"

"చెప్పకుండా పెట్టను. నాయన ఒంట్లోకి ఏం పోతుందో నాయనకి తెలియాలి" అంది అక్క.

తెలివైనవాళ్ళను చాలామందిని చూశాను. మంచివాళ్ళనూ చూశాను. రెండూ ఒక్కచోట, అంత సులువుగా కలిసి ఉండటం మా అక్కలోనే చూశాను.

మర్నాడు పొద్దున కంచంలో చిన్న చిన్న ముద్దలు పేర్చి నాయన ముందు పెట్టి అక్క చెప్పింది. "నాయనా, వీటిలో ఒక ముద్దలో మందుంది. ఏ ముద్దలో ఉందో చెప్పను. అన్నీ తినాలి."

నాయన కంచం కేసి పాముపుట్టను చూసినట్టు చూశాడు. "ఏ ముద్దే?"

"చెప్పనన్నాగా."

"పెద్దదాంట్లోనా?"

"తిను నాయనా."

ఒక ముద్ద తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. పులుసులో ముంచి, కళ్ళు మూసుకుని మింగాడు. "ఇది కాదు" అన్నాడు. ఇంకొకటి. "ఇదీ కాదు." పులుసు బాగా కుదిరిందేమో, నాలుగు ముద్దలయ్యేసరికి మందు సంగతి మరిచిపోయి అత్తతో బొల్లాపల్లి వానల గురించి మాట్లాడుతున్నాడు. మేమంతా కంచం కేసే చూస్తున్నాం. కంచం ఖాళీ అయింది. వేళ్ళు నాకి, అప్పుడు గుర్తొచ్చి అక్క కేసి అనుమానంగా చూశాడు.

"ఏందే, పెట్టడం మర్చిపోయావా?"

"మొదటి ముద్దలోనే పెట్టా నాయనా."

నాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గులో కూడా నవ్వుతూనే ఉన్నాడు. అమ్మ గబగబా వచ్చి వీపు రాస్తూ, "నిజంగానే పోయిందా లోపలికి? నిజంగానే?" అని ఎన్నిసార్లో అడిగింది.

ఆ రోజు చేతులు వణకలేదు. గుండె దడ లేదు. సాయంత్రం ఇంకొక ముద్ద. అక్క సెలవులు అయిపోయి విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయే నాటికి అమ్మ అటక మీది సంకటి గిన్నె దించి చింతపండు పెట్టి తోమింది. సంకటి చేసి, చల్లార్చి, వేలితో తాకి చూసి, గొట్టం పెట్టి, ముద్ద చుట్టేది. పక్కింటివాళ్ళు చూసి, "ఏందొదినా, కాలవ వచ్చాక కూడా సంకటేనా?" అంటే, "ఇది కూడు కాదమ్మా, అనుపానం" అని గట్టిగా చెప్పేది. అక్క చదువు తర్వాత ఇంకా చాలా దూరం పోయింది. ఆమె జిగురు మందుల షాపుల్లోకి రాలేదు గానీ, ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఆ చెట్టు ఆకారపు అణువుల మీద పని చేస్తున్నారని విన్నప్పుడు నాకు ఒకరకమైన గర్వం. ఎందుకంటే ఆ బొమ్మ మొదట గీసింది మా ఇంటి బండ మీదే.

ఆ ఏడు ఎండలు తగ్గి, మొదటి వాన పడ్డ మర్నాడు పొద్దున అమ్మ కేక విని లేచాను. అట్లాంటి కేక మా ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పరుగెత్తుకెళితే ముందరింట్లో అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళ చెంబు కింద పడి దొర్లుతోంది. మంచం మీద నాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. దిండు పక్కకు జారిపోయింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. పిల్లికూతలు లేవు. వీధిలోవాళ్ళు అప్పుడే గుమ్మం దాకా వచ్చేశారు.

నాయన కళ్ళు తెరిచాడు. గుమ్మంలో జనాన్ని చూసి, అమ్మను చూసి, చిరాకుగా లేవబోయాడు.

"ఏందే ఆ కేకలు? ఎవురు పోయారు?"

అమ్మ మంచం పక్కన నేల మీద చతికిలబడి, ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత ఆ చేత్తోనే ఆయన్ను వెనక్కి తోసింది.

"లేవమాక. పడుకో. ఇంకాసేపు అట్టనే పడుకో."

లేచి దిండు సర్ది, కళ్ళు తుడుచుకుని గుమ్మంలోకి వెళ్ళింది. తలుపు దగ్గరకు వేసి, నోటి మీద వేలు పెట్టి, వీధి మొత్తానికి గుసగుసగా చెప్పింది.

"మెల్లగా మాట్లాడండమ్మా. మా ఆయన నిద్రపోతున్నాడు."